లచ్చిమి గడప దాటనంది

ఈమధ్య మా గృహప్రవేశానికి చాలామందే వచ్చారు గానీ, వచ్చినవాళ్లలో బుర్ర ఉన్నది మాత్రం ఒక్కరికే. ఆవిడకి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, మెడలో గంట. ఆవిడే లేకపోతే ఇప్పుడు నేనిలా కాలు మీద కాలేసుకుని మీకు కబుర్లు చెప్తూ ఉండేదాన్ని కాదు. మా నాన్న నన్ను ఏ విమానం చక్రానికో కట్టి పంపేసేవాడు. ఎయిర్‌పోర్టు దగ్గరేగా, ఆటో ఖర్చు కూడా ఉండదు!

నవ్వండి, నవ్వండి. చాయ్ చల్లారేలోపు మొత్తం చెప్పేస్తా.

మా కొత్తిల్లు శంషాబాద్ దాటాక తొండుపల్లి వైపు, కొత్త కాలనీలో. అక్కడ ఇళ్లకంటే ప్లాట్ల హద్దు రాళ్లే ఎక్కువ. రోడ్డింకా మట్టిదే. కింద లారీ వెళ్తే ఎర్ర దుమ్ము, పైన విమానం వెళ్తే చెవులు దిబ్బెళ్లు. మా కాలనీలో ఎవరైనా మాట మధ్యలో నోరు తెరిచి ఆగిపోతే మతిమరుపు అనుకోకండి. విమానం వెళ్లేదాకా ఆగి, మళ్లీ ఆ అక్షరం దగ్గర్నుంచే అందుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు నేర్చుకునే మొదటి విద్య అదే.

తెనాలి నుంచి వచ్చినప్పట్నుంచీ మేం అద్దె పోర్షన్లలోనే బతికాం. అందులో అందరికంటే ఎక్కువ బాధ పడింది మా నానమ్మ. ఆవిడకి ఆయాసం. చలిగాలి తగిలినా, పోపు ఘాటు తగిలినా రొప్పు వస్తుంది. అద్దింట్లో బాత్రూం పెరట్లో ఓ మూల ఉంటుంది, అది మూడు కుటుంబాలకి ఉమ్మడి ఆస్తి. పొద్దున్నే చేతిలో చెంబుతో, భుజం మీద తువ్వాలుతో లైన్లో నిలబడి, "ఒరేయ్, లోపల ఉన్నది మనిషా, విగ్రహమా?" అని తలుపు కొట్టేది. అందుకే నాన్న ప్లాటు కొన్న రోజున ఆవిడ ఒక్కటే కోరింది.

"నాకు పాలరాయీ వద్దు, పూజగదీ వద్దు. నా గదికి ఆనుకుని నా బాత్రూం ఒకటి కట్టరా అబ్బాయ్. చచ్చేలోపు తలుపు కొట్టకుండా స్నానం చేయాలి."

కట్టాడు. షాపులో టైల్స్ కూడా ఆవిడే ఏరుకుంది. లేత గులాబీ రంగు. "ఈ వయసులో గులాబీ ఏంటి నానమ్మా?" అని నేను ఏడిపిస్తే, "నీ వయసులో మాకు బాత్రూమే లేదు, ఇంక రంగెక్కడిది?" అంది.

ఇక్కడ దాకా కథలో తప్పు ఎవరిదీ లేదు. ఇక నేను వస్తున్నా.

గృహప్రవేశానికి ముందు రోజు. ఇల్లంతా సున్నాలు, రంగులు అయిపోయాయి. కిటికీలకీ వెంటిలేటర్లకీ రంగు అంటకుండా పెయింటర్లు అంటించిన పేపర్లు మాత్రం అలాగే ఉన్నాయి. నానమ్మ బాత్రూంలో టైల్స్ మీద సిమెంటు మరకలు మిగిలిపోయాయి. టైల్స్ వేసినతను వచ్చి యాసిడ్ పెట్టి కడిగి ఇస్తానన్నాడు. క్యాన్ ముందే తెచ్చి పెట్టాడు కూడా. క్యాన్ వచ్చింది, మనిషి రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

నాన్న జుట్టు పీక్కుంటుంటే నేను ముందుకొచ్చా. "ఎందుకు నాన్నా టెన్షన్? నేనున్నాగా! బీయస్సీ కెమిస్ట్రీ చదివిస్తున్నావు, టైల్స్ కడగడానికి కూడా పనికిరాకపోతే ఎందుకు?"

"చీపురు పట్టడం తెలుసా నీకు?" అని అమ్మ.

"ఇది చీపురు పని కాదమ్మా, సైన్సు."

సరే, వాళ్లు బయట షామియానా వేసేవాళ్లతో బేరాల్లో పడ్డారు. నేను చీర కొంగులా చున్నీ బిగించి, యాసిడ్ క్యానూ బ్రష్షూ తీసుకుని లోపలికి వెళ్లా. వెళ్తుంటే నాన్న అరిచాడు: "కిటికీలు తీయకు! కడిగిన ఇంట్లో దుమ్ము పడుతుంది!" నేనసలే మంచి పిల్లని. తీయలేదు.

యాసిడ్ పోశా. సిమెంటు మరక మీద బుసబుసా పొంగింది. అబ్బ, ఏం ఆనందం! రుద్దితే కింద నుంచి గులాబీ రంగు బయటికొస్తోంది. నానమ్మ రేపు చూసి మురిసిపోవడం, నన్ను మెచ్చుకోవడం, పెద్దత్త ముందు "మా పండు కడిగింది" అని గొప్పలు పోవడం, అన్నీ కళ్లముందు కనిపించాయి.

కానీ ఓ మూల ఎర్రమరక. పనివాళ్లెవరో గుట్కా ఉమ్మిన మరక. యాసిడ్‌కి లొంగలేదు. అప్పుడు వెలిగింది నా బుర్రలో బల్బు. బయట సంపు కడగడానికి తెచ్చిన బ్లీచింగ్ పౌడర్ సంచీ ఉంది! యాసిడ్ సిమెంటుకి, బ్లీచింగ్ మరకకి. విడివిడిగానే ఇంత పనిచేసేవి కలిస్తే ఇంకెంత పనిచేస్తాయి! మా అమ్మ పప్పులో మామిడికాయ వేసి కూడా "ఎందుకైనా మంచిది" అని కాస్త చింతపండు పిసుకుతుంది. ఆ రక్తమే నాది.

ఇప్పుడు మీరు అడగొచ్చు, కెమిస్ట్రీ చదివే పిల్లకి ఆ మాత్రం తెలీదా అని. తెలుసు! ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుందని ఇంటర్ పరీక్షలో రాశా, ఫుల్ మార్కులు పడ్డాయి. కానీ మా తెలుగు పుస్తకంలో దాని పేరు విరంజన చూర్ణం. అంత మర్యాదగా పిలిస్తే గుర్తుపట్టేదాన్ని. చిరిగిన సంచీలో సంపు పక్కన పడుంటే నాకెలా తెలుస్తుంది, అది ఇదేనని?

సంచీ లోపలికే లాక్కొచ్చి గుప్పెడు చల్లా.

స్స్... మని ఓ శబ్దం. తర్వాత వాసన. మామూలు వాసన కాదు, స్విమ్మింగ్ పూల్ మొత్తాన్ని మరగబెట్టి ముక్కులో పోసినట్టు! నేల మీద పచ్చపచ్చగా పొగలాంటిది లేచింది. కళ్లు భగ్గుమన్నాయి. గొంతులో ఎవరో ఉప్పుకాగితంతో రుద్దుతున్నట్టు. ఊపిరి తీసుకుంటే మంట, తీసుకోకపోతే చావు. అంత సైన్సూ ఒక్క దెబ్బకి గుర్తొచ్చింది, సమీకరణంతో సహా!

పరిగెత్తా. పరిగెత్తుతూ కాలితో ఏదో తన్నా. వెనక్కి చూస్తే సంచీ. మిగిలిన పొడంతా యాసిడ్ తడిలో బోర్లా పడింది. ఇక వెనక్కి వెళ్లే ధైర్యం నాకు లేదు. తలుపు ధడేల్మని వేసి, గొళ్లెం పెట్టి, పెరట్లో కుళాయి కింద తల పెట్టి కూర్చున్నా.

"ఏమైందే? ఆ దగ్గేంటి?" అని అమ్మ పరిగెత్తుకొచ్చింది.

"దు... దుమ్మమ్మా."

"కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయి?"

"సొంతింటి ఆనందం."

అమ్మ కళ్లు కూడా చెమర్చాయి. పాపం, నమ్మేసింది!

నిజం చెప్పేయొచ్చుగా అంటారా? చెప్పొచ్చు. కానీ "సైన్సు" అన్న మాట ఇంకా గాల్లోనే ఉంది. నేను వేసుకున్న లెక్కేంటంటే, తలుపు మూశాంగా, అది లోపలే ఉంటుంది. వెంటిలేటర్లోంచి తెల్లారేసరికి దాని దారిన అది పోతుంది. వెంటిలేటర్‌కి పెయింటర్ల పేపరు అంటించి ఉందన్న సంగతి నా లెక్కలో లేదు. ఆ రాత్రి దగ్గుతూనే పడుకున్నా. అమ్మ మిరియాల పాలిచ్చింది.

తెల్లారింది. షామియానా కింద కుర్చీలు, గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు. పంతులుగారు వచ్చారు. పెద్దత్త వచ్చింది. ఈవిడ నాన్న అక్క, ఏ ఇంటికెళ్లినా గోడలు తట్టి వాస్తు చెప్పకుండా కాఫీ ముట్టదు. పట్టుచీరలో నానమ్మ, చేతిలో దీపం, మొహంలో పెళ్లికళ.

అప్పుడే వచ్చింది లచ్చిమి. తొండుపల్లి యాదయ్యన్న ఆవు. ఈ చుట్టుపక్కల ఏ కాలనీలో గృహప్రవేశమైనా ఇంట్లోకి ముందు అడుగు లచ్చిమిదే. కొమ్ములకి పసుపు, నుదుట బొట్టు, వెనకాలే తువ్వాయి.

"మీరేం ఫికర్ జెయ్యకుండ్రి సారూ," అన్నాడు యాదయ్యన్న మీసం దువ్వుకుంటూ. "మా లచ్చి గీ ఏరియాల ఎన్ని ఇండ్లు జొచ్చిందో! ఒక్కసారి గూడ ఎన్కకు మర్లలే."

నాన్న తాళం తీసి, తలుపులు బార్లా తెరిచాడు. లచ్చిమి హుందాగా మెట్లెక్కింది. గడప దగ్గర మూతి చాపింది. ఒక్కసారి పీల్చింది.

బుస్సుమని ఓ చీదు చీదింది చూడండి! పంతులుగారి పంచె మీద పడింది. నాలుగడుగులు వెనక్కి.

"ఏంది లచ్చీ? కొత్తగున్నదా?" యాదయ్యన్న తట్టాడు. మళ్లీ తీసుకొచ్చాడు. మళ్లీ చీదింది. అరటిపండు చూపించారు. వద్దంది. బెల్లం చూపించారు. బెల్లం తినేసి వద్దంది! నాన్న వెనక నుంచి నెట్టబోతే తోకతో చెంప మీద ఒక్కటిచ్చింది.

నాకు అర్థమైంది. మిగతావాళ్లకి వాసన వస్తోంది గానీ, కొత్త రంగు వాసన అనుకున్నారు. గుమ్మం దగ్గర అగరొత్తులు గుత్తులు గుత్తులుగా వెలిగించింది ఎవరనుకున్నారు? నేనే. పన్నీరు చల్లింది కూడా నేనే. మనుషులందరి ముక్కులూ మోసపోయాయి. లచ్చిమి ముక్కు దగ్గర నా పప్పులుడకలేదు.

పెద్దత్త గోడ తట్టింది. "నేను అప్పుడే అనుకున్నా. ఈశాన్యం తగ్గింది. గోమాత ఊరికే..." పైన విమానం. పెద్దత్త నోరు అలాగే తెరుచుకుని ఆగింది. విమానం పోయింది. "...వెనక్కి తిరగదు. ఇదేదో దోషం."

చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను నానమ్మ వైపు చూశా. పెళ్లికళ పోయింది.

"నాకే ప్రాప్తం లేదేమోరా అబ్బాయ్," అంది నాన్నతో, చాలా చిన్నగా. "నా కోసం కదా అడిగి కట్టించుకుంది. అందుకేనేమో."

దగ్గొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలీలేదు.

పంతులుగారు గడియారం చూసుకున్నారు. "ముహూర్తం దాటిపోతోందండీ. గోవు సంగతి తర్వాత చూద్దాం. ఇంటికి పెద్దావిడ, దీపంతో ఆవిడే ముందు అడుగు పెట్టేస్తారు. నేరుగా ఆవిడ గదిలోకి వెళ్లి దీపం పెట్టనివ్వండి, ఆవిడ చేతుల మీదుగానే అన్ని తలుపులూ తీయించండి. శుభం."

ఆవిడ గదిలోకి. అన్ని తలుపులూ. ఆ బాత్రూం తలుపు కూడా! ఆయాసం మనిషి, పోపు ఘాటుకే రొప్పే మనిషి!

నానమ్మ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని కుడికాలు ఎత్తింది.

"ఆగు నానమ్మా!" అని అరిచా. సరిగ్గా అప్పుడే పైన ఇంకో విమానం. ఏదో పెద్దది, ఏ దుబాయ్ నుంచో. నా అరుపు నాకే వినపడలేదు. నానమ్మ కాలు గడప మీదికి వస్తోంది. ఇక మాటలతో పనిలేదని కుర్చీలు తన్నుకుంటూ పరిగెత్తి, గుమ్మానికి రెండు చేతులూ అడ్డంపెట్టి నిలబడ్డా. ఆ పూట ఆ గడప దగ్గర మొండికేసిన రెండో జీవిని నేనే. కాకపోతే నాకు తోక లేదు. నిలబడి ఆ మోతలోనే గొంతు చించుకుంటున్నా. విమానం ఠక్కున వెళ్లిపోయింది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా ఆఖరి మాటలు కాలనీ మొత్తానికి వినపడ్డాయి:

"...నానమ్మ బాత్రూంలో క్లోరిన్ ఉంది! నేనే పెట్టా!"

నానమ్మే మొదట తేరుకుంది.

"ఎవడే వాడు? నా బాత్రూంలో వాడికేం పని?"

మొత్తం చెప్పేశా. యాసిడ్, బ్లీచింగ్, సంచీ, గొళ్లెం, అగరొత్తులు, సొంతింటి ఆనందం. అన్నీ. నాన్న మొహం మా టైల్స్ రంగుకి తిరిగింది. తిట్టడానికి నోరు తెరిచి, ముందు చేయాల్సిన పని గుర్తొచ్చి, అందర్నీ షామియానా దాటించి రోడ్డు వైపు గాలికి ఎదురుగా నిలబెట్టాడు. నానమ్మకి అందరికంటే దూరంగా కుర్చీ వేశారు. యాదయ్యన్నా నాన్నా ఇంటి చుట్టూ తిరిగి, బయట నుంచే కిటికీ రెక్కలు లాగారు. ఓ నిచ్చెనేసి నానమ్మ బాత్రూం వెంటిలేటర్ పేపరు బయట నుంచే చింపేశారు. చింపగానే నాన్న మొహం తిప్పేసుకుని దిగిపోయాడు.

"ఓ బకెట్ ఫినాయిల్ కొడితే పోతుందేమో?" అంది అమ్మ.

"ఇంకేం కలపొద్దు!" నేనూ పంతులుగారూ ఒకేసారి అరిచాం.

ముహూర్తం దాటిపోయింది. అందరూ నా వైపే చూశారు. పంతులుగారు పంచాంగం తిరగేసి, కళ్లజోడు సర్దుకుని, "భోజనాల వేళకి ముందు ఇంకోటి ఉంది. నిజానికి అదే ఇంకా బాగుంది," అన్నారు. ఆ మనిషికి నేను జన్మంతా రుణపడి ఉంటా. పొద్దుటిది బాగోలేదా మరి అని పెద్దత్త అడగబోతే, దేవుడు దయతలచి ఇంకో విమానం పంపాడు.

అలా మా గృహప్రవేశం టిఫిన్లు గృహానికి బయటే జరిగాయి. షామియానా కింద ఉప్మా, జీడిపప్పు, ఎర్ర దుమ్ము. తిట్ల మధ్యలో నవ్వులు మొదలయ్యాయి. "మా పండు సైన్సు" అని నాన్న మొదలుపెట్టాడు, ఇక అందరూ అందుకున్నారు. నానమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, దగ్గుతున్న నా వీపు నిమురుతూ, "అంటే దోషం నాది కాదన్నమాట," అంది.

"కాదు నానమ్మా. దోషం మొత్తం నాదే."

"అమ్మయ్య," అంది. అంత సంతోషంగా నన్నెవరూ ఎప్పుడూ తప్పుపట్టలేదు.

లోపలికి వెళ్లొచ్చని ఎవరు చెప్పాలి? ఆ బాధ్యత లచ్చిమే తీసుకుంది. యాదయ్యన్న మధ్యలో ఓసారి తెచ్చి చూపించాడు. చీదింది. "ఇంక కాలే. జర ఆగుండ్రి," అన్నాడు, అన్నం ఉడికిందో లేదో చూసినట్టు. ఇంకాసేపటికి మళ్లీ. మూతి చాపింది, ఆలోచించింది, వెనక్కి తిరిగింది. "అయితున్నది, అయితున్నది." మూడోసారి గడప వాసన చూసి, నా వైపు ఓ చూపు చూసి, గంట మోగించుకుంటూ దర్జాగా లోపలికి నడిచింది. హాలు దాటింది. తిన్నగా నానమ్మ గది గుమ్మం ముందు ఆగి, నేను ముందు రోజు తుడిచి తుడిచి అద్దంలా చేసిన నేల మీద పేడతో పెద్ద కళ్లాపి చల్లింది.

"శుభం!" అన్నారు పంతులుగారు.

"మస్తు శుభం!" అన్నాడు యాదయ్యన్న.

ఆ వెనకే నానమ్మ కుడికాలు పెట్టింది. ఆ బాత్రూం జోలికి మాత్రం ఆ రోజు ఎవర్నీ పోనివ్వలేదు. తలుపులూ కిటికీలూ తీసే ఉంచి, వాసన పూర్తిగా పోయాక నాన్న నీళ్లు పారించి పారించి కడిగించాడు. నన్ను దవాఖానాకి తీసుకెళ్తే డాక్టరు ఛాతీ విని, "ఇంకాసేపు లోపల ఉండుంటే ఇలా నవ్వుతూ చెప్పేదానివి కాదమ్మాయ్," అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. మీరు కూడా వినండి: ఒక్క సీసాతో పోని మరకని అలాగే ఉండనివ్వండి, రెండోది కలపకండి. మీ ఇంట్లో ఆవు ఉండకపోవచ్చు!

ఇప్పుడు నానమ్మ ఎవరి తలుపూ కొట్టకుండా స్నానం చేస్తోంది. లోపల పాటలు కూడా పాడుతోంది, విమానం వస్తే ఆగి మళ్లీ అందుకుంటుంది. గుట్కా మరక పోలేదు, అలాగే ఉంది. పోయింది మాత్రం కొత్త కుళాయి మెరుపు, నల్లమచ్చలు పడ్డాయి. మారుస్తానంటే నానమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీరా, దిష్టి తగలకుండా," అంటుంది. ఇక నేను షాంపూ సీసాలో అడుగున మిగిలినదానికి కాసిన్ని నీళ్లు కలిపినా అమ్మ వంటింట్లోంచి కేక పెడుతుంది: "లచ్చిమిని పిలవనా?"

అంతటితో అయిపోయిందనుకున్నా. నిన్న ఎదురు ప్లాటు వాళ్ల గృహప్రవేశం. నేనూ వెళ్లా, పట్టు పరికిణీ వేసుకుని, గుమ్మం పక్కన పళ్లెం పట్టుకుని నిలబడ్డా. లచ్చిమి వచ్చింది. మెట్లెక్కింది. గడప దగ్గర మూతి చాపింది. ఆ మూతి మెల్లగా నా వైపు తిరిగింది.

బుస్సు!

నాలుగడుగులు వెనక్కి.

ఆ ఇంటివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. యాదయ్యన్న మాత్రం ఏం కంగారు పడలేదు. నెత్తిన రుమాలు సర్దుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"చెల్లే, ఏమనుకోకు. ఇంట్ల దోషమేం లేదు. జర నువ్వు గేటు బయటికి వొయ్యి నిలబడు."

వెళ్లి నిలబడ్డా. లచ్చిమి గంట మోగించుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో మొదటి అడుగు ఆవిడది, ఆఖరి అడుగు నాది. అది కూడా ఆవిడ తిరిగి బయటికొస్తూ, నా రెండు చేతులూ వాసన చూసి వదిలిపెట్టాక!